చెల్లెలి ఫోనూ, మా గొలుసు ప్రార్థనా

నేను తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి, ఇక ఎప్పటికీ అర్థం కాదన్న సంగతి అర్థమైంది. అలాంటివాణ్ణి జర్మనీ పిలిచి పీట వేసిందంటే నమ్ముతారా? వేయలేదు. పీట వేసింది మా మేనమామ కూతురికి. ఆవిడ బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద మ్యూనిక్ వస్తే, నేను ఆవిడ మొగుడి హోదాలో వెంట వచ్చాను. పెళ్ళికి ముందు ఆవిణ్ణి గుంటూరులో ఇంజనీరింగ్ కాలేజీ దగ్గర నా ఆటోలో దింపేవాణ్ణి. అలా దింపుతూ దింపుతూ జర్మనీ దాకా వచ్చేశాను. తిరుగు బేరం ఇంకా తగల్లేదు.

మ్యూనిక్ శివారు ఉంటర్‌ఫ్యోరింగ్‌లో ఆఫీసుల మధ్య ఒక క్యాంటీనులో ప్లేట్లు కడిగే పని నాది. మా ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చునే ఆఫీసు అక్కడికి రెండు వీధుల అవతల. జర్మన్ భాష నాకు రాదు. వాళ్ళు నేర్పలేదని కాదు, పాపం రెండు కోర్సులు నేర్పారు. నాకే రాలేదు. ఇండియా వార్తలు పెడితే నలుగురు ఒకేసారి అరుస్తారు, తల పోటు. అందుకని బ్రిటన్ వార్తలు పట్టుకున్నాను. ఆటో రోజుల్లో ప్యాసింజర్ల దగ్గర ఏరుకున్న ఇంగ్లీషుకి, ఫోను అడుగున వచ్చే అక్షరాలు తోడై పని జరిగిపోయేది. మ్యూనిక్‌లో ఎస్-బాన్ లోకల్ రైళ్ళ సమ్మె అని నాకు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాక గానీ తెలిసేది కాదు. లండన్‌లో ఏ రైలు ఎందుకు ఆగిందో మాత్రం పళ్ళు తోముకునేటప్పటికే తెలిసిపోయేది.

మా ఆవిడ అనేది, "బావా, ఉండేది ఈ ఊళ్ళో, బెంగపడేది ఆ ఊరి గురించి. నీకు రెండిళ్ళ పూజారితనం దేనికి?"

బెంగ అప్పటికి లేదు. అంతా సరదాయే. ఆదివారం మధ్యాహ్నాలు జర్మన్ వాళ్ళ చర్చిలో ఒక హాలు అద్దెకు తీసుకుని మా తెలుగువాళ్ళం ప్రార్థన పెట్టుకునేవాళ్ళం. ఇంగోల్‌స్టాట్ నుంచి ఎమ్మెస్ చదివే కుర్రాళ్ళు రైలెక్కి వచ్చేవాళ్ళు. వాళ్ళు దేవుడి కోసం వచ్చేవాళ్ళో, ప్రార్థన అయ్యాక పెట్టే చికెన్ పలావు కోసం వచ్చేవాళ్ళో దేవుడికి తెలుసు. ఆయన ఎప్పుడూ బయటపెట్టలేదు. ఆ ప్రార్థన నడిపించే పెద్దాయన వారమంతా కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు, ఆదివారం మాకు పాస్టరు. అందరం అంకుల్ అనేవాళ్ళం.

పలావు వడ్డించేది నేనే. వడ్డిస్తూ, గరిటె మైకులా పట్టుకుని బ్రిటన్ బులెటిన్ చదివేవాణ్ణి. అక్కడ ప్రధానమంత్రులు మారడం, నదుల్లోకి మురుగు వదలడం, డాక్టరు అపాయింట్‌మెంట్ వచ్చేసరికి జబ్బు దానంతటదే విసిగి వెళ్ళిపోవడం, అన్నీ గుంటూరు యాసలో. కుర్రాళ్ళు ముక్కలు నోట్లో పెట్టుకుని నవ్వలేక ఉక్కిరిబిక్కిరయ్యేవాళ్ళు. ఒక వారం రబ్బరు పడవల వార్త చదివాను. సముద్రం దాటి వచ్చేవాళ్ళను తిప్పి పంపుతామని అక్కడి మంత్రులు ఒకరి మీద ఒకరు పోటీపడి చెబుతున్న రోజులవి. "బ్రదర్సూ, సిస్టర్సూ, మనకేం భయం లేదు. మనం పడవలో రాలేదు. విమానంలో వచ్చాం, అందులోనూ నాది కిటికీ సీటు" అన్నాను. హాలు హాలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

మా చెల్లెలు అప్పటికి ఏడాదిగా ఇంగ్లండు ఉత్తరాన ఒక చిన్న ఊళ్ళో ఉంటోంది. ముసలివాళ్ళను చూసుకునే పని, ఆ పని మీదే వీసా. రోజూ సాయంత్రం నాలుగింటి నుంచి ఎనిమిదింటి దాకా నాలుగిళ్ళు నడిచి తిరగాలి. మాత్రలు వేయాలి, బట్టలు మార్చాలి, మంచం మీద పడుకోబెట్టాలి. "మీ ఇంట్లో ఒక ముసలాణ్ణి సాకలేక పెళ్ళి చేసి నా మీదకు తోలారు. నువ్వేంటమ్మా, నలుగుర్ని" అని మా ఆవిడ నన్ను చూపించి నవ్వేది.

ఆ వేసవిలో వార్తల మొహం మారింది. అక్కడ ఒక ఊళ్ళో చిన్నపిల్లల మీద ఒకడు కత్తితో ఘోరం చేశాడు. ఆ వార్త మీద నేను బులెటిన్ చదవలేదు. చదవగలిగే వార్త కాదది. రెండో రోజుకి, ఆ పని చేసింది పడవలో వచ్చినవాడని ఎవడో అబద్ధం పుట్టించాడు. అబద్ధానికి కాళ్ళుండవంటారు. దానికి ఫోనులుంటే కాళ్ళెందుకు? ఊరూరా గుంపులు లేచాయి. శరణార్థుల్ని ఉంచిన హోటళ్ళ అద్దాలు పగిలాయి, తలుపుల దగ్గర నిప్పు పెట్టారు. క్యాంటీనులో ప్లేట్ల మిషన్ పక్కన నిలబడి ఒక వీడియో చూశాను. నాలుగు రోడ్ల కూడలిలో కార్లు ఆపి, లోపల కూర్చున్నది ఏ రంగువాడో అని వంగి చూస్తున్నారు. ఒక కారులో స్టీరింగ్ మీద రెండు చేతులు కనిపించాయి. అంతే, మొహం కనిపించలేదు. అవి అచ్చం నా చేతుల్లా ఉన్నాయి. పన్నెండేళ్ళు ఆటో నడిపినవాణ్ణి, చుట్టూ జనం మూగినప్పుడు హ్యాండిల్ మీద చేతులు ఎలా బిగుసుకుంటాయో నాకు తెలుసు. ఆ గుంపులో ఒక్కడు కూడా, "బాబూ, నువ్వు పడవలో వచ్చావా, విమానంలో వచ్చావా? కిటికీ సీటేనా?" అని అడగలేదు.

అక్కణ్ణుంచి నాకు నిద్ర సరిగా లేదు. పొద్దున ఎస్-బాన్‌లో కూర్చుంటే ఎదురు సీటు మొహాలన్నీ పరీక్ష పేపర్లలా కనిపించేవి. ఒకరోజు గుండు చేయించుకున్న ఒక భారీ మనిషి ఎక్కాడు. రెండు స్టేషన్ల సేపు నన్నే చూశాడు. నేను ఫోనులో మొహం దాచుకున్నాను. ఆ ఫోనులోనూ గుంపే. ఆయన దిగిపోయాడు. దేనికి చూశాడో ఇప్పటికీ తెలియదు. నా మొహం మీద టూత్‌పేస్ట్ ఉందేమో, లేక మరేదో. తెలియకపోవడమే నన్ను చంపింది.

బుధవారం నాడు ఒక లిస్టు వచ్చింది. ఆ సాయంత్రం ఏడింటికి గుంపులు ఏ ఏ ఊళ్ళలో చేరతాయో రాసి ఎవరో ఫోన్లలో తిప్పుతున్నారు. వేలితో గీస్తూ కిందకి వెళ్ళాను. అడుగు నుంచి మూడో పేరు మా చెల్లెలి ఊరు.

వెంటనే ఫోను చేశాను. మాకంటే వాళ్ళకు ఒక గంట వెనక. మధ్యాహ్నం అన్నం తింటోంది.

"ఇవాళ పనికి పోవద్దు" అన్నాను.

"ఏంది అన్నయ్యా, వందనాల్లేవు, తిన్నావా లేదు, డైరెక్టుగా ఆర్డరా?"

"లిస్టు చూశావా?"

"చూశా. ఆఫీసోళ్ళు గూడా జాగ్రత్త అని మెసేజ్ పెట్టారు. సెంటర్లో షాపులకి చెక్కలు కొడుతున్నారు."

"మరి జొరం అని చెప్పు. కాలు బెణికిందని చెప్పు. నేను బడి ఎగ్గొట్టడానికి చెప్పినవి వంద ఉన్నాయి, ఏదో ఒకటి వాడుకో."

అది నవ్వింది. తర్వాత నవ్వు ఆపి నెమ్మదిగా చెప్పింది. "నాలుగో ఇంట్లో పెద్దావిడ తనంతట తను లేవలేదు అన్నయ్యా. నేను పోకపోతే రాత్రంతా కుర్చీలోనే ఉండిపోద్ది. ఇవాళ పోతానన్నోళ్ళు ఎవరూ లేరు, సగం మంది మనలాంటోళ్ళే గదా, అందరికీ భయమే. నేను పెద్ద రోడ్డు వదిలేసి వెనక సందుల్లో నుంచి పోతా. ఫోను చేతిలోనే ఉంచుకుంటా. ఏదన్నా అయితే నీకే చేస్తా. సరేనా?"

ఫోను చేతిలో ఉంచుకుంటానన్న ఆ ఒక్క మాట పట్టుకుని నేను సరే అన్నాను. అది వాళ్ళ టైము ఎనిమిదిన్నరకి ఇల్లు చేరాలి. నాకు కావలసింది అంతే.

ప్రార్థన గ్రూపులో ఆ లిస్టు పెట్టి, "మా చెల్లెలి ఊరు ఇందులో ఉంది, అందరూ ప్రార్థన చేయండి" అని రాశాను. పడీపడీ నవ్వే బొమ్మలు పదకొండు వచ్చాయి. ఒక కుర్రాడు, "అన్నా, ఈ వారం బులెటిన్ బుధవారమే రిలీజ్ చేసినవా?" అని పెట్టాడు. వాళ్ళ తప్పేముంది? ఆ దేశం పేరు నా నోట వస్తే నవ్వాలని వాళ్ళకు నేర్పింది నేనే.

అంకుల్‌కి ఫోను చేశాను. ఆయన ఫ్యాక్టరీలో ఉన్నట్టున్నాడు, వెనక మిషన్ల చప్పుడు. "అంకుల్, ఇది జోకు కాదు" అన్నాను. ఆయన చప్పుడు లేని చోటికి నడిచాడు. తర్వాత, "గొలుసు ప్రార్థన పెడదాం బ్రదర్" అన్నాడు.

గొలుసు ప్రార్థన అంటే మాలో పాత పద్ధతి. ఒక్కొక్కరు అరగంట ఎవరి చోట వాళ్ళు మోకాళ్ళ మీద ఉండాలి. టైము అవగానే తర్వాతివాళ్ళకు ఫోను చేసి అప్పజెప్పాలి. మధ్యలో తెగకూడదు. పరీక్షలకి, ఆపరేషన్లకి, వీసా అపాయింట్‌మెంట్లకి ఎన్నోసార్లు పెట్టుకున్నాం. ఆ రోజు మా టైము ప్రకారం అయిదింటి నుంచి తొమ్మిదింటి దాకా, ఎనిమిది మందిమి. ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర నా వంతు. అంటే అక్కడ ఏడు కొట్టే సమయం, లిస్టులో రాసిన సమయం.

"చెల్లెమ్మ నెంబరు గూడా గ్రూపులో పెట్టండి బ్రదర్. ఎవరన్నా ఆదరణగా ఒక మాట చెప్తారు" అన్నాడు అంకుల్. పెట్టాను. ఎంత మంచి మనుషులు అనుకుంటూ పెట్టాను.

ఎనిమిదింటికి నా ముందు వంతు ఆవిడ ఫోను చేసి, "బ్రదర్, నాది అయిపోయింది, ఇక మీరు" అని అప్పజెప్పింది. బయట ఇంకా ఎండ పోలేదు. మా ఆవిడ సోఫాలో కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది. మోకరించాను. ఒక్క మాట రాలేదు. దేవుడితో ఇంతకాలం నేను మాట్లాడిందంతా ఇంచుమించు బులెటినే, భయం అనే సబ్జెక్టు మీద మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఒక్కసారి దాని గొంతు వింటే మాట వస్తుందేమోనని చెల్లెలికి ఫోను చేశాను.

మోగలేదు. ఒక ఇంగ్లీషు ఆవిడ రికార్డింగులో, మీరు కోరిన వ్యక్తి ప్రస్తుతం అందుబాటులో లేరని చెప్పింది. ఆ గొంతు ఎంత మర్యాదగా ఉందో నాకు అంత భయం వేసింది.

మళ్ళీ చేశాను. అదే గొంతు. మళ్ళీ. వార్తల పేజీ తెరిచాను. నిమిషానికోసారి కొత్త ముక్క పెట్టే పేజీ అది. ఆ ఊరి పేరు ఒక్కసారి వచ్చింది. "దుకాణాలు మూశారు. పోలీసులు మోహరించారు. జనం చేరుతున్నారు." అంతే. ఏ జనం? రాయలేదు. వేలితో పేజీని కిందకి లాగుతూనే ఉన్నాను. బావిలో పడ్డ చేద కోసం గేలం వేసినట్టు లాగుతున్నాను. ఏదీ తగలడం లేదు. "జనం చేరుతున్నారు" అన్న మూడు నిమిషాల పాత మాట, అయిదు నిమిషాల పాత మాట అయింది. తర్వాత పన్నెండు.

"ఫోను చేతిలోనే ఉంచుకుంటానంది" అన్నాను. మా ఆవిడ మడత పెడుతున్న చొక్కా అలాగే పట్టుకుని నా మొహం చూసింది.

ఎనిమిదీ ముప్పై అయిదుకి ఫోను మోగింది. ఎగిరి పట్టుకున్నాను. చెల్లెలు కాదు, ఇంగోల్‌స్టాట్ కుర్రాడు. వరంగల్ అబ్బాయి. ఆఖరి వంతు వాడిది.

"అన్నా, నా టైమ్ అయింది, నువ్వు ఫోన్ చెయ్యలే. గొలుసు తెగింది గద?"

"గొలుసూ లేదు, గిలుసూ లేదు, పెట్టేయ్‌రా. అక్కడ దాని ఫోను కలవట్లేదు."

"నాక్కూడా కలుస్తలేదన్నా. ఇందాక అందరికీ మంచిగనే ఎత్తింది."

"అందరికీ అంటే?"

"అంటే, గొలుసుల ఉన్నోళ్ళందరం, నువ్వు నెంబర్ పెట్టంగనే అక్కకు ఫోన్ చేసినం గద. ధైర్యం చెప్పినం. అంకులైతే ఫోన్లనే ప్రార్థన చేసిండంట, ఇరవై నిమిషాలు. వీడియో కాల్."

నేను స్పీకరు నొక్కాను. మా ఆవిడ చొక్కా పక్కన పెట్టింది. వేళ్ళ మీద లెక్క వేసింది. "ఆరుగురు. తలా పావుగంట అనుకో. పైన అంకుల్ వీడియో. మధ్యాహ్నం నీది ఒకటి. బావా, ఆ పిల్ల ఫోను ఎప్పుడో చచ్చి ఉంటది. మనోళ్ళే చంపారు."

నవ్వొచ్చింది ఆవిడకి. వచ్చిన నవ్వు సగంలో ఆగిపోయింది. నాకూ అంతే. కారణం తెలిసింది గానీ భయం పోలేదు. గుంపు వస్తుందన్న ఊళ్ళో, వెనక సందుల్లో, చచ్చిపోయిన ఫోను చేతిలో పెట్టుకుని మా చెల్లెలు ఒక్కతే నడుస్తోందన్నది ఇంకా నిజమే. పైగా ఇందాకటిదాకా అది ఆ గుంపులు చేస్తున్నది, ఇప్పుడు నేను చేసింది. నెంబరు గ్రూపులో పెట్టింది నా వేలే.

తొమ్మిది అయింది, అక్కడ దాని పని అయిపోయే వేళ. తొమ్మిదింబావు. తొమ్మిదిన్నర, ఇల్లు చేరవలసిన వేళ. కిటికీలో వెలుతురు బూడిద రంగుకి తిరిగింది. కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు, అంత మామూలుగా బెల్లు ఎలా కొడతారా అని వాళ్ళ మీద కోపం వచ్చింది. నేను కుర్చీలో కూర్చోలేక, నిలబడలేక వంటగదికీ గుమ్మానికీ తిరుగుతున్నాను. ఆ తిరుగుడులోనే ఎక్కడో ప్రార్థన చేశాను. మోకాళ్ళ మీద కాదు. మాటలు కూడా పెద్దగా లేవు. "దాన్ని ఇంటికి చేర్చు. ఇంకెప్పుడూ ఆ పడవలవాళ్ళ మీద మాట అనను" అని బేరమాడినట్టు గుర్తు. ఆటోవాణ్ణి గదా.

పదింటికి పది నిమిషాలు ఉందనగా మోగింది.

"ఇంటికొచ్చా" అంది. ఊపిరి ఎగపోస్తోంది.

మా ఆవిడే ఫోను లాక్కుని, "అమ్మా, బాగున్నావా? ఏమన్నా అయిందా?" అంది.

"ఏం కాలేదు వదినా. ఫోను ఆరింటికే ఆగిపోయింది. ఛార్జింగు పెట్టుకుందామంటే వైరు ఇంట్లోనే ఉంది." నీళ్ళు తాగిన చప్పుడు. "నాలుగో ఇంట్లో నుంచి బయటికొచ్చాక వెనక సందు మూసేసి ఉంది, పోలీసోళ్ళ వ్యాను అడ్డం పెట్టారు. సెంటరు పక్కనుంచే రావాల్సొచ్చింది. మలుపులో కేకలు వినపడినయ్. పెద్ద గుంపు. ఫోను ఉంటే చూసుకునేదాన్ని, ఎవరికన్నా చేసేదాన్ని. ఏం చేయాలో తెలీక చెత్త డబ్బాల వెనక కూర్చున్నా. పది నిమిషాలో, ఇరవై నిమిషాలో."

"తర్వాత?"

"తర్వాత ఒక ముసలామె కుక్కను పట్టుకుని, చేతిలో అట్టముక్క పట్టుకుని అటుగా పోతంది. ఆ అట్ట మీద, వలసొచ్చినోళ్ళు మావాళ్ళే అని రాసుంది. అప్పుడు అర్థమైంది. గొడవ చేసేవాళ్ళు రాలేదు. వాళ్ళకి అడ్డం నిలబడదామని వచ్చినోళ్ళే ఊరంతా ఉన్నారు. ఆ కేకలు వీళ్ళవి. కానీ వదినా, డబ్బాల ఎనక ఉన్నంతసేపూ నాకది తెలీదు గదా."

తెలీదు గదా. ఎస్-బాన్‌లో నన్ను చూసిన ఆ గుండు మనిషి గుర్తొచ్చాడు. నేను ఫోను తీసుకుని, "అన్నం తిను" అన్నాను. అంతకంటే పనికొచ్చే మాట ఏదీ దొరకలేదు. పెట్టేశాక చూసుకుంటే, ఇంకా చెప్పులు వేసుకునే ఉన్నాను. ఎక్కడికి పోదామని వేసుకున్నానో తెలియదు.

ఆ ఆదివారం గరిటెతో పలావు మాత్రమే వడ్డించాను. "అన్నా, బులెటిన్ లేదా?" అని కుర్రాళ్ళు అడిగారు. "స్టేషన్ మూసేశారు, ముక్క వేయనా?" అన్నాను. వాళ్ళు కొంచెంసేపు చూసి ప్లేటు చాపారు. నిజానికి అప్పటికీ రోజూ పొద్దున బ్రిటన్ వార్తలే చదువుతున్నాను. కాకపోతే ఇప్పుడు ఊరి పేర్లు చదువుతున్నాను, అడుగు నుంచి పైకి.

భోజనాలయ్యాక అంకుల్ మా చెల్లెలికి ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. "గొలుసు ప్రార్థనకి జవాబు వచ్చింది. చెల్లెమ్మ సాక్ష్యం చెప్తుంది" అన్నాడు.

"అందరికీ వందనాలండీ" అంది చెల్లెలు. "నా మొహం గూడా తెలీకుండా నాకోసం ప్రార్థన చేశారు. ఒక్కొక్కరు ఫోను చేసి భయపడొద్దు అంటుంటే, నాకు తెలీనిది వీళ్ళకేదో తెలిసిందని భయం పెరిగిపోయింది గానీ, మీ ప్రేమ మాత్రం మర్చిపోను." కుర్రాళ్ళు నవ్వాలో వద్దో తెలియక నా మొహం చూశారు. అంకుల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మా అన్నయ్య ఉన్నాడా అక్కడ?"

"ఉన్నానమ్మా" అన్నాను, గరిటె చేతిలోనే ఉంది.

"అన్నయ్యా, ఈసారి నాకోసం ప్రార్థన పెడితే వాళ్ళకి నా నెంబరు ఇవ్వకు. దేవుడికి చేసుకోమను. ఆయన ఫోను ఛార్జింగు అయిపోదు."